పక్క సీటు పెడల్

సంచిలో అడుగున చొక్కాలు పెట్టాలా, మందులు పెట్టాలా అన్నది చిన్నమ్మాయికి తేలడం లేదు. మందులు అడుగున పెడితే బస్సులో చేతికి అందవు. పైన పెడితే సీసా మూత ఊడి బట్టలన్నీ పాడవుతాయి. మాస్టారు మంచం అంచున కూర్చుని, కూతురు సంచిలో పెట్టిన చొక్కాను మళ్ళీ బయటికి తీసి, విప్పి, మడత పెడుతున్నారు. మొదటి మడతలో తప్పేమీ లేదు. ఆయన చేతులకి ఏదో ఒక పని కావాలి, అంతే.

"ఆ దుప్పటి తీసెయ్యమ్మా. అక్క ఇంట్లో దుప్పట్లు ఉండవా ఏమిటి?"

"బస్సులో చలేస్తుంది నాన్నా."

"కిటికీ మూసుకుంటాలే."

"మూసుకోవు. కిటికీ మూస్తే నీకు ఊపిరాడదు. దుప్పటి ఉండనీ."

మాస్టారు దుప్పటిని సంచిలోకి సర్దారు. అక్క ఎప్పట్నుంచో రమ్మంటోందనీ, వెళ్ళి కొన్నాళ్ళు ఉంటే మనవరాలికి లెక్కలు చెప్పొచ్చనీ పొద్దుట్నుంచి ఆయనే చెబుతున్నారు. ఆ మాటలు చెప్పుకోవడానికి బాగానే ఉన్నాయి. వాటి వెనకున్న సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తడం లేదు.

ఆ సంగతి నిన్న జరిగింది. వీధి చివరి డ్రైవింగ్ స్కూల్లో తండ్రీ కూతుళ్ళిద్దరూ కారు నేర్పుతారు. చిన్నమ్మాయికి నలభై దగ్గర పడుతున్నా, మాస్టారి రెండో కూతురు కాబట్టి అందరికీ ఇంకా చిన్నమ్మాయే. నిన్న పొద్దున ఆఫీసు గది నిండా నేర్చుకునేవాళ్ళు ఉండగా, ఓనరు లోపల్నుంచి నల్లగా మాడిన క్లచ్ ప్లేటొకటి తెచ్చి మాస్టారి ముందు బల్ల మీద పడేశాడు. టీ గ్లాసు ఎగిరి పడింది.

"చూసుకోండి మాస్టారూ, మీ చదువు. ఏడాది తిరక్కుండా ఇది రెండోది. మీ శిష్యులు గేరు మారుస్తుంటే ఎముకలు కొరుకుతున్నట్టు చప్పుడు. మీ చెవికి వినబడటం మానేసిందో, కాలికి తెలియడం మానేసిందో నాకు తెలీదు. ఇంక మీరు ఇంటి దగ్గర కూర్చోండి."

మాస్టారు, ఓనరు ఒకప్పుడు ఒకే లారీలో మార్చి మార్చి స్టీరింగు పట్టినవాళ్ళు. ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకున్నవాళ్ళు. 'మాస్టారూ, మీరు' అన్న మర్యాదే నిన్న చెంపదెబ్బలా తగిలింది. మాస్టారు జేబులోంచి రుమాలు తీసి, బల్ల మీద ఒలికిన టీ తుడిచి, ప్లేటుని గోడవారగా నిలబెట్టి, చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశారు. చిన్నమ్మాయి అంతా గుమ్మంలోంచి చూసింది. టీ తుడుస్తున్న ఆ చెయ్యి ఆమె కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

"నాన్నా, మొన్న ఆదివారం మీరిద్దరూ తలుపేసుకుని ఏం మాట్లాడుకున్నారు? బయటికొచ్చినప్పుడు ఆయన మొహం కందగడ్డలా ఉంది."

"ఏవో పాత సంగతులు." మాస్టారు సంచి జిప్పు లాగబోయారు. అది దుప్పటి అంచుని పట్టుకుంది. దాన్ని ఓపిగ్గా విడదీస్తూ, "నువ్వు పని మానెయ్యకు. వాడితో తగువు పెట్టుకోకు," అన్నారు.

"మానను."

"మాననంటున్నావు గానీ, నీ మొహం వేరేగా ఉంది."

"తగువూ పెట్టుకోను నాన్నా," అంది చిన్నమ్మాయి. ఆ మాట నిజమే. తగువు పెట్టుకుంటే మనసులోది కాస్తా బయటికి పోతుంది. దాన్ని అంత తేలిగ్గా పోనిచ్చే ఉద్దేశం ఆమెకి లేదు.

బస్సు కదిలాక మాస్టారు కిటికీ తెరిచారు. దుప్పటి ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి ఊపకుండా, ముందుకే చూస్తూ వెళ్ళిపోయారు.

మర్నాడు ఆమె ఎప్పటి వేళకే స్కూలుకి వెళ్ళింది. ఓనరు తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆ బూట్లకి రోజూ సుద్ద పూయించుకోవడం ఆయనకి మోజు. బట్టలు నలిగినా ఊరుకుంటాడు, బూటు మీద మరక పడితే ఊరుకోడు.

"వచ్చావా. రావేమో అనుకున్నాను," అన్నాడు, కొంచెం తేలికపడ్డ గొంతుతో. "మీ నాన్న అన్నం తిన్నాడా నిన్న?"

"ఊరెళ్ళారు సార్."

ఓనరు మొహం తిప్పి చూశాడు. ఆమె చిన్నప్పుడు ఆయన భుజాలెక్కి ఊరేగింది. ఊహ తెలిసినప్పట్నుంచి ఆయన్ని బాబాయ్ అనే పిలిచింది. 'సార్' ఇవాళే మొదలు. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమెకి ఇచ్చింది ఆ ఎర్రకారే, ఏ కారు వల్లనైతే మాస్టారు వెళ్ళిపోవలసి వచ్చిందో అదే. అలాంటి కార్లలో నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఉన్నట్టే, పక్క సీట్లో కూర్చుని నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. రెండు క్లచ్చుల్నీ కింద ఒక ఇనప కడ్డీ కలుపుతుంది. ఒకటి దిగితే రెండోదీ దిగుతుంది. చిన్నమ్మాయి, నాన్న దగ్గర నేర్చుకుంటున్న బేకరీ ఆవిడని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను పక్క సీట్లో కూర్చుని, ఊరి బయటి ఖాళీ రోడ్డు మీద గేర్లు మార్పించింది. ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు, తిరిగి రెండు. పెరుగులో చెంచా దిగినట్టు దిగింది గేరు. ఎక్కడా కిర్రుమన్న చప్పుడు లేదు.

"ఆపండి. రివర్సు వెయ్యండి."

అదీ మెత్తగా పడింది.

"మరి ఈ బండికేనా రోగం అన్నారు?" అంది చిన్నమ్మాయి.

బేకరీ ఆవిడ నవ్వింది. "రోగం బండికి కాదు మేడం. ఓనరు గారు పక్కన కూర్చుంటేనే ఇది అరుస్తుంది. ఆయన్ని చూస్తే నాకే కాదు, గేర్లకీ దడే."

ఆ స్కూల్లో మొదట్నుంచీ ఒక పద్ధతి ఉంది. ఎవరు ఎన్నాళ్ళు నేర్పినా, పరీక్షకి ముందు ఆఖరి పాఠం ఓనరే చెబుతాడు. పక్క సీట్లో ఆయనే కూర్చుంటాడు. ఆయన 'సరే' అంటేనే మనిషి పరీక్షకి వెళ్ళాలి. అందుకే గేర్ల చప్పుడు గురించి గొడవంతా ఆఖరి పాఠాల్లోనే బయటపడుతోంది. ఎవరికైనా ఏమనిపిస్తుంది? అంతకుముందు నేర్పినవాడు సరిగ్గా నేర్పలేదనే అనిపిస్తుంది.

మధ్యాహ్నం ఆమె కారుని వెనక వీధిలో మెకానిక్కు దగ్గరికి తోలుకెళ్ళింది. అతను తిండి డబ్బా కడుక్కుంటున్నాడు.

"అన్నా, ఇందులో అసలు ఏం బాలేదు?"

"మీరు కూడా మొదలెట్టారా చిన్నమ్మాయి గారూ? నేను దీన్ని రెండుసార్లు కోసి కుట్టాను. జబ్బు దొరకలేదు."

"మరి ప్లేట్లెందుకు మార్చావు?"

"ఓనరు మార్చమన్నాడు, మార్చాను. మొన్న బల్ల మీద పడేశాడే, ఆ ప్లేటులో ఇంకా సగం ప్రాణం ఉంది. కావాలంటే తెచ్చివ్వండి, వేరే బండికి వేసుకుంటాను."

"ఇంకోసారి చూద్దాం. నా ఎదురుగా."

మెకానిక్కు చేతులు ప్యాంటుకి తుడుచుకుని వచ్చాడు. ముందు ఇంజను ఆపి గేర్లన్నీ వెయ్యమన్నాడు. అన్నీ పడ్డాయి. గేరు కర్ర నుంచి గేరు పెట్టె దాకా ఉన్న తీగల్లో లోపం లేదన్నాడు. తరవాత ఇంజను స్టార్టు చేసి, క్లచ్చు అడుగంటా తొక్కి, ఒక్క క్షణం ఆగి రివర్సు వెయ్యమన్నాడు. చప్పుడు లేకుండా పడింది. క్లచ్చు పూర్తిగా వదుల్తోందనీ, వదలకపోతే అన్నిటికంటే ముందు రివర్సే గోల పెడుతుందనీ చెప్పాడు. ఆఖరికి కారు కిందికి దూరి, గేరు పెట్టె బోల్టు వదులు చేసి, అరచేతిలో కాస్త నూనె పట్టుకొచ్చాడు. ఎండలో అరచెయ్యి అటూ ఇటూ వంచి చూపించాడు.

"లోపల ఇత్తడి రింగులు అరిగితే ఇందులో బంగారు పొడిలా మెరవాలి. ఏదీ? గుడ్డలో వడగట్టినట్టుంది. ఒక్క గేరే అరిస్తే రింగు. అన్ని గేర్లూ అరిస్తే క్లచ్చు. పడ్డ గేరు దానంతటది ఊడొస్తే, గేరుని నెట్టే ఫోర్కు. ఇది వాటిల్లో ఏదీ కాదు."

చిన్నమ్మాయి మళ్ళీ కార్లో కూర్చుంది. ఈసారి క్లచ్చు కావాలనే సగం పైచిలుకు తొక్కి ఆపి, రివర్సులోకి తోసింది. కర్రు కర్రుమని, పళ్ళు పళ్ళు రాసుకున్న చప్పుడు వీధంతా వినబడింది.

"ఇదే," అన్నాడు మెకానిక్కు. "ఓనరు వినిపించిన చప్పుడు ఇదే. అడుగుదాకా తొక్కడం లేదు ఎవరో."

"నాన్న పక్కన తొక్కినవాళ్ళు, ఆయన పక్కన తొక్కరా?"

అతను భుజాలెగరేశాడు. "కంగారేమో."

సాయంత్రం బేకరీ ఆవిడని మళ్ళీ అడిగింది. ఓనరు పక్కనున్నప్పుడు కాలు ఎలా ఉంటుందని. ఆవిడ ఎడం కాలు నేలకి నొక్కి చూసుకుని, "మీరడిగితే గుర్తొస్తోంది మేడం. చివర్లో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. మెత్తటి దాని మీద తొక్కినట్టు. భయానికి కాలు బిగుసుకుందేమో అనుకున్నాను," అంది.

గురువారం పోస్టాఫీసు పెద్దాయనకి ఆఖరి పాఠం. రిటైరయ్యాక, సొంత కార్లో భార్యని ఊళ్ళు తిప్పాలని ముచ్చటపడి నేర్చుకుంటున్న మనిషి. చిన్నమ్మాయి ఓనరు దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడింది.

"సార్, ఇవాళ నేను వెనక సీట్లో కూర్చుంటాను. నాన్న నేర్పినదాంట్లో తప్పెక్కడుందో చూసి దిద్దుకుంటాను."

ఓనరు మొహం వికసించింది. "అదీ. అలా ఉండాలి. మీ నాన్నకి ఆ బుద్ధుంటే ఇంత దూరం వచ్చేదా?"

కారు కదిలింది. రెండో గేరులోనే మొదలైంది కొరుకుడు. "పూర్తిగా తొక్కండి," అన్నాడు ఓనరు. "తొక్కుతున్నానండీ," అన్నాడు పెద్దాయన. "ఏం తొక్కడం? చీమని తొక్కినట్టు. మాస్టారు మీకు ఇదేనా చెప్పింది?" పెద్దాయన మెడ వెనక చెమట పట్టింది. చిన్నమ్మాయి ఆయన మోకాలినే చూస్తోంది. నిన్న తన పక్కన నడిపినప్పుడు ఆ కాలు దాదాపు నిటారుగా సాగింది. ఇప్పుడు మధ్యలోనే ఆగిపోయి, పిక్క వణుకుతోంది. బలం పెడుతున్నాడు. కాలు దిగడం లేదు.

ఆమె రుమాలు జారవిడిచి, తీసుకుంటున్నట్టు ముందు సీట్ల మధ్యకి వంగింది.

ఓనరు కాలు చాపుకుని కూర్చున్నాడు. తెల్ల బూటు పక్క సీటు క్లచ్చు పెడల్ కిందికి, లేసు ముడి దాకా దూరిపోయి ఉంది. పెద్దాయన అక్కడ తొక్కినప్పుడల్లా ఇక్కడ ఈ పెడల్ దిగి, బూటు ముందు భాగం మీద కూర్చుని, అక్కడే ఆగిపోతోంది. కాన్వాసు ముడతలు పడుతోంది. మళ్ళీ లేస్తోంది. మళ్ళీ దిగి నొక్కుతోంది. ఆమె తలెత్తి ఓనరు మొహం చూసింది. అందులో ఒక్క గీత కూడా కదల్లేదు. కాలి మీద అంత బరువు పడుతుంటే, తాపీగా లవంగం నములుతూ, మాస్టారికి అక్షింతలు వేస్తున్నాడు.

'మీ కాలు తియ్యండి' అన్న మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో రోగం కుదిరిపోతుంది. కార్లో ఉన్నది ముగ్గురే. ఓనరు నవ్వేసి, కాలు వెనక్కి లాక్కుని, సాయంత్రానికి మరిచిపోతాడు. మాస్టారిని అందరి ముందు అన్న మాటలు మాత్రం అందరి చెవుల్లోనూ అలాగే ఉండిపోతాయి. ఆమె రుమాలు తీసుకుని వెనక్కి జారగిలబడింది. ఆ మాటని మింగేసింది.

సాయంత్రం ఇంటికెళ్ళే దారిలో మెకానిక్కు దగ్గర ఆగి, చిన్న డబ్బా అడిగింది. అందులో నీలం రంగు ముద్ద ఉంటుంది. గేరు పళ్ళకి పల్చగా రాసి తిప్పితే, ఏ పన్ను ఎక్కడ ఒరుసుకుంటోందో ఎదుటి పంటి మీద అచ్చు పడుతుంది.

"దేనికండీ?"

"ఎక్కడ తగులుతోందో చూడ్డానికి."

"ఏ బండి?"

"రేపు నువ్వూ రా. చూద్దువుగాని."

శుక్రవారం పరీక్షలు. వెళ్ళేవాళ్ళంతా పొద్దున్నే స్కూలు ఆవరణలో చేరారు. పెందలాడే లేచి నూనె రాసి దువ్వుకున్న తలలు, ఇస్త్రీ బట్టలు, నోట్లో గొణుక్కుంటున్న రోడ్డు గుర్తులు. గుమస్తా అమ్మాయి అందరికీ టీ పోస్తోంది. పోయిన వారం ఓనరు 'సరే' అనకపోవడంతో మళ్ళీ పెట్టిన బేకరీ ఆవిడ ఆఖరి పాఠం నిన్న ఆలస్యమై మిగిలిపోయింది. అది ఇప్పుడు ఇక్కడే, ఆవరణ చుట్టూ అన్నాడు ఓనరు. కొత్తగా సుద్ద పూసిన బూట్లతో వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. అప్పటికే చిన్నమ్మాయి సీటు తుడిచి, వంగి, తన పని తను చేసి పెట్టింది.

కారు ఆవరణ చుట్టూ తిరిగినంత సేపూ గేర్లు కొరుకుతూనే ఉన్నాయి. జనం చెవులు మూసుకుని నవ్వుకున్నారు. కారు ఆగింది. ఓనరు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "విన్నారుగా అందరూ? మాస్టారి ఆఖరి పంట," అన్నాడు.

చిన్నమ్మాయి తలుపు తీసి పట్టుకుంది. "సార్, ఒక్కసారి దిగండి."

ఆయన దిగాడు. ఆమె బేకరీ ఆవిడతో, "మీరొక్కరే తిప్పండి. మెల్లిగా. పక్కన ఎవరూ వద్దు," అంది. కారు ఆవరణ చుట్టూ తిరిగి వచ్చింది. ఒకటి, రెండు, రివర్సు. టీ గ్లాసుల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

"ఏమిటిది? నేను దిగీదిగగానే బాగైపోయిందా?" అన్నాడు ఓనరు.

"అవును సార్. మీ బూటు చూసుకోండి."

అందరూ చూశారు. తెల్ల బూటు ముందు భాగాన, వేళ్ళ మీద అడ్డంగా, చిక్కటి నీలం పట్టీ. కొలిచి గీసినట్టు పెడల్ అంత వెడల్పు.

"ఆ రంగు నేనే రాశాను. మీ వైపు క్లచ్చు పెడల్‌కి. పైన కాదు సార్, అడుగున. మా నాన్న శిష్యులు సరిగ్గానే తొక్కుతున్నారు. మీ కాలు కింద పెట్టుకుని, దిగనివ్వనిది మీరు."

ముందు మెకానిక్కుకి అర్థమైంది. నుదురు కొట్టుకున్నాడు. "నేను ఎప్పుడూ ఖాళీ సీటుతోనే చూశాను కదా," అన్నాడు. తరవాత పోస్టాఫీసు పెద్దాయనకి అర్థమైంది. "అయితే నిన్నంతా నేను తొక్కింది క్లచ్చుని కాదన్నమాట. మిమ్మల్ని," అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. బేకరీ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆవరణ అంతా పాకింది. చిన్నమ్మాయి నవ్వలేదు. బల్ల మీద ఎగిరిన టీ గ్లాసు గుర్తొచ్చింది. కడుపులో ఎక్కడో చల్లబడింది. ఇంకా చల్లబడాలి.

"అబద్ధం," అన్నాడు ఓనరు. "కాలి మీద అంత బరువు పడితే నాకు తెలీదా?"

ఆ ప్రశ్నతో నవ్వు ఆగిపోయింది.

చిన్నమ్మాయి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కింద కూర్చుని లేసు విప్పింది. బూటు వచ్చింది గానీ మేజోడు రాలేదు. అంటుకుపోయి ఉంది. గుమస్తా అమ్మాయి నీళ్ళు తెచ్చి పోస్తే, మెల్లిగా ఊడింది. బొటనవేలికి గోరు లేదు. దాని పక్క వేలు నల్లబడి ఉంది. వాసన వేసింది. బేకరీ ఆవిడ మొహం తిప్పుకుంది. ఓనరు వంగి, ఇంకెవరి కాలో తెచ్చి తన ముందు పెట్టినట్టు చూశాడు. వేలితో తాకాడు. మళ్ళీ తాకాడు.

"నాకేం తెలియడం లేదే," అన్నాడు. ఎవరితోనూ కాదు.

చిన్నమ్మాయి మనసు ఒక్క క్షణం తడబడింది. ఆయన ఆ తరవాత మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో.

"మీ నాన్న చెప్పాడు. ఆదివారం తలుపేసి మరీ చెప్పాడు. షుగరుకి నీ కాలు మొద్దుబారుతోందిరా, అడుగు ఎక్కడ పడుతోందో నీకే తెలియడం లేదు, డాక్టరుకి చూపించు, పక్క సీట్లో కూర్చోవడం మానెయ్ అని. స్కూలు తనే చూసుకోవాలని ఎత్తు వేస్తున్నాడనుకున్నాను. అందుకే..."

అందుకే. అంటే ప్లేటు సంగతి, శిష్యుల సంగతి అన్నీ సాకులు. మంచి చెప్పినందుకు మనిషిని బల్ల ముందు నిలబెట్టాడు. మాస్టారు ఆ మంచిని బయట ఎవరికీ చెప్పకుండా, కూతురికి కూడా చెప్పకుండా, సంచి సర్దుకుని వెళ్ళిపోయారు. చిన్నమ్మాయి లేచి నిలబడింది. తడబాటు పోయింది.

"మీ అక్క ఇంటి నంబరియ్యి. ఇప్పుడే ఫోను చేసి రమ్మంటాను వాణ్ణి," అన్నాడు ఓనరు.

"ఫోనులో పిలిస్తే రారు."

"మరి?"

"పంపించింది అందరి ముందు. పిలవడం కూడా మనిషి ఎదురుగా నిలబడి పిలవాలి. అక్క ఇంటి గుమ్మంలో నిలబడి, తప్పు నాది అని మీ నోటితో చెప్పాలి సార్."

"సార్ అనకే," అన్నాడు ఓనరు. ఆమె కింద పడున్న బూటు తీసి కుర్చీ పక్కన నిలబెట్టింది.

"ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి," అంది గుమస్తా అమ్మాయి. "ఆ కాలితో అంత దూరం బస్సులో ఏమిటి?" అంటూ చిన్నమ్మాయి వైపు చూసింది, నువ్వు కూడా చెప్పు అన్నట్టు.

ఓనరు కూడా ఆమె వైపే చూశాడు. వద్దులెండి, ముందు కాలు చూపించుకోండి అని ఆమె అంటుందని ఎదురుచూశాడు. ఆవరణలో ఉన్నవాళ్ళంతా ఎదురుచూశారు.

"పొద్దున బస్సుంది," అంది చిన్నమ్మాయి.

ఓనరు తల ఊపాడు. "తిరిగొచ్చి చూపించుకుంటాలే," అన్నాడు.

శనివారం పొద్దున ఆయన బస్సు స్టాండుకి నడిచి వెళ్ళడం ఆమె తన కిటికీలోంచి చూసింది. కాలికి గుడ్డ చుట్టుకున్నాడు. బూటు పట్టక ముందు భాగం కత్తిరించి వేసుకున్నాడు. కుంటడం లేదు. నొప్పి ఉంటే కదా కుంటడానికి.

ఆ రోజంతా ఆమె ఎర్రకార్లోనే పాఠాలు చెప్పింది. ఎవర్నీ కసురుకోలేదు. ఎవరికి గేరు తప్పినా, పర్లేదు, మళ్ళీ వెయ్యండి అంది. మధ్య మధ్య అక్క ఇంటి గుమ్మం కనబడుతోంది. రెండు మెట్లు, పక్కన కుళాయి, ఎప్పుడూ ఎవరో ఒకరు బట్టలు ఆరేసుకుంటూ ఉండే సందు. ఆ సందులో అందరూ చూస్తుండగా ఆయన నిలబడి ఉంటాడు. నాన్న వెంటనే బయటికి రాకూడదు. కాసేపు నిలబడనివ్వాలి. ఆ దృశ్యాన్ని ఆమె ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నా తనివి తీరలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుండగా ఫోను మోగింది. మాస్టారు.

"వచ్చాడమ్మా."

"ఏమన్నారు?"

"లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే నిలబడి, తప్పు నాదేరా, నన్ను క్షమించరా, వచ్చెయ్ అన్నాడు. అక్క వింది. సందులో అందరూ విన్నారు."

ఆమె కళ్ళు మూసుకుంది. "బాగా అన్నారు."

"అని అక్కడే కూలబడ్డాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఎత్తుకొచ్చి పడుకోబెట్టి బూటు విప్పాం. చిన్నమ్మా, ఆ కాలు నువ్వు చూశావా?"

ఫోనులో వెనక అక్క గొంతు వినబడుతోంది. ఎవర్నో బండి తెమ్మంటోంది. నీళ్ళ చప్పుడు. ఎవరో మూలుగుతున్నారు.

"చూశాను."

"ఎప్పుడు?"

"నిన్న."

"చూసి పంపావా?"

"నిన్ను అందరి ముందూ అంతలేసి మాటలన్నారు నాన్నా. నువ్వు టీ తుడిచి వచ్చేశావు. నేను..."

"నేను నోరు మూసుకుని ఎందుకొచ్చేశాననుకున్నావు?" మాస్టారు అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవరు. "వాడి కాలి సంగతి బయటపడితే వాడికి లైసెన్సు ఉండదు, స్కూలు ఉండదు. కోపం చల్లారాక వాడే డాక్టరు దగ్గరికి వెళ్తాడనుకున్నాను. వెళ్ళేవాడు. వాణ్ణి నాకు తెలుసు. బండి వచ్చింది. పెట్టేస్తున్నాను."

ఆమె తడి కాళ్ళతో అలాగే నిలబడిపోయింది. తరవాత బట్టతో నేల తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

ఆదివారం అక్క ఫోను చేసింది. డాక్టర్లు కాలు మోకాలి దాకా తీసేస్తామంటున్నారనీ, నాన్న అన్నం ముట్టకుండా ఆసుపత్రి వరండాలోనే కూర్చున్నారనీ చెప్పింది. నాన్నకి ఫోనివ్వమంటే, వెళ్ళి అడిగొచ్చి, "ఇప్పుడు మాట్లాడరట," అంది. సోమవారం చిన్నమ్మాయి స్కూలు తెరిచింది. ఓనరు గదిలోకి వెళ్ళి, ఆయన కుర్చీలో కూర్చోకుండా, పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. మెకానిక్కు వచ్చి, ఎర్రకారుకి ఇంక ఏమైనా చెయ్యాలా అని అడిగాడు. ఏమీ వద్దంది. బండిలో ఏ లోపమూ లేదు కదా అంది. అతను, "నీలం డబ్బా మీ దగ్గరే ఉండిపోయింది," అన్నాడు. తెచ్చి ఇచ్చేసింది.

శుక్రవారం సాయంత్రం బస్సులో మాస్టారు తిరిగి వచ్చారు. కూతురు స్టాండులో ఎదురు వెళితే, సంచి ఆమె చేతికి ఇవ్వకుండా తనే మోసుకుంటూ ఇంటిదాకా నడిచారు. దారిలో కనిపించినవాళ్ళు, ఓనరు గారు ఎలా ఉన్నారని అడిగారు. మాస్టారు ఆగి, ఒక్కొక్కరికీ విడివిడిగా, ఒకే మాట చెప్పారు.

ఓనరు తిరిగి రాలేదు. బస్సెక్కి వెళ్ళిన శనివారం తరవాత వచ్చిన గురువారం, మధ్యాహ్నం వేళ, ఆ ఊరి ఆసుపత్రిలో పోయాడు.